ఆరుగురు పట్టే బండి

మా ఇంట్లో కాగితాల పని మావారిది, తిండి పని నాది. పెళ్ళైన నాటి నుంచీ అంతే. ఎవరూ కూర్చుని పంచుకున్నది కాదు. పాస్‌పోర్టులు, టాక్స్ కాగితాలు, పిల్లల స్కూలు ఫారాలు అన్నీ ఆయన అల్మారా కింది అరలో ఒక నీలం ఫైల్లో ఉంటాయి. ఆ ఫైల్ నేను ముట్టుకుంటే ఆయనకి నచ్చదు. ఆయన వంటింట్లోకి వచ్చి పోపులపెట్టె తెరిస్తే నాకూ నచ్చదనుకోండి. కాబట్టి ఫ్రాన్స్ ప్రయాణం సంగతిలో ఎవరి తప్పెంత అని తీస్తే నా వాటా కూడా కొంత తేలుతుంది. తేలనివ్వండి. చెప్పేది నేను కాబట్టి ముందు ఆయన తప్పే చెబుతాను.

మేం కెనడాలో, సస్కటూన్‌లో ఉంటాం. మావారు విత్తనాలు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తారు. నేను వృద్ధుల కేర్ హోమ్‌లో. అప్పటికి మా అమ్మాయి పన్నెండో గ్రేడ్ చివర్లో ఉంది, అబ్బాయికి పదకొండేళ్ళు. మావారికి ఒక్కతే చెల్లెలు. భర్తతో, నాలుగేళ్ళ కూతురితో ఇంగ్లండ్‌లో ఉంటుంది. ఆ చలికాలంలో వాళ్ళొక పాత కారవాన్ కొన్నారు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఇల్లు. లోపల పొయ్యి, సింకు, చిన్న ఫ్రిజ్, మనిషి నిలబడి తిరగడానికి కూడా చాలని బాత్రూమ్. కొన్న వారానికే ఫోన్ చేసింది.

“వదినా, జూలైలో ఫ్రాన్స్ వెళ్దాం. మేం బండిని ఓడెక్కించి తెచ్చేస్తాం. మీరు పారిస్‌లో దిగి రైలెక్కి వచ్చేయండి. రెండు వారాలు సముద్రం పక్కనే క్యాంపింగ్! అన్నయ్యని ఒప్పించే పూచీ నీది.”

ఒప్పించడానికి నాకు పది నిమిషాలు పట్టింది. నా పెళ్ళై ఇరవయ్యేళ్ళు. ఈ ఇరవయ్యేళ్ళలో నేనెక్కిన దాదాపు ప్రతి విమానమూ నన్ను ఎవరి పెళ్ళికో, పురుడికో, భూస్థాపనకో తీసుకెళ్ళింది. కెనడా వచ్చాక మెక్సికోకి ఒకసారి వెళ్ళాం, ఐదు రోజులు. అందులో మూడు రోజులు అబ్బాయికి జ్వరం. సెలవంటే నాకు తెలిసింది అదే. ఫ్రాన్స్ అనగానే నాకు పారిస్ గానీ అక్కడి ఇనుప గోపురం గానీ గుర్తు రాలేదు. పొద్దున్నే తలుపు తీస్తే పచ్చగడ్డి, చేతిలో టీ, ఎవరికీ మందులు వేయక్కర్లేదు, ఎవరికీ బట్టలు మార్చక్కర్లేదు. అంతే గుర్తొచ్చింది.

అయితే అసలు కారణం అది కాదు. అసలు కారణం మా అమ్మాయి. సెప్టెంబరులో అది దేశానికి ఆ కొసనున్న బర్నబీ వెళ్ళిపోతోంది. అక్కడ కొండ మీది యూనివర్సిటీలో సీటొచ్చింది. అది వెళ్ళేలోగా దానికి నేనొక మాట చెప్పాలి. నాలుగేళ్ళుగా ఈ రోజూ రేపూ అంటూ దాటేసిన మాట. ఇంట్లో ఆ మాట చెప్పే వీలు దొరకదు. అది గదిలో ఉంటుంది, నేను డ్యూటీలో ఉంటాను, ఇద్దరం ఇంట్లో ఉన్నప్పుడు దాని చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. రెండు వారాలు ఒకే బండిలో ఉంటే ఎక్కడికి పోతుంది అనుకున్నాను.

ఆ మాట ఏమిటో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మేం కెనడా వచ్చిన మరుసటేడు మా ఆడపడుచు కడుపుతో ఉంది. భర్త ఇంగ్లండ్‌లో, తను కాకినాడలో. ఐదో నెలలో డాక్టరమ్మ మంచం దిగొద్దంది. మా అత్తగారు పోయి అప్పటికి మూడేళ్ళు. మావారు ఫోన్ పెట్టేసి నావైపు చూశారు. “అమ్మ ఉంటే అమ్మే చూసుకునేది,” అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు, అనక్కర్లేదు కూడా. మా వైపు తల్లి లేని పిల్లకి పురుడు పోయాల్సింది వదినే. పిల్లలిద్దర్నీ ఆయనకి అప్పగించి వెళ్ళాను. పురుడు కాగానే వచ్చేద్దామనుకున్నది పది నెలలైంది. ఆమెకి బెడ్‌పాన్ పెట్టాను, తల దువ్వాను, పథ్యం వండాను, ఆపరేషన్ రోజు ఆస్పత్రి వరండాలో నిలబడి ప్రార్థన చేశాను. పుట్టిన పిల్లని మొదట చేతుల్లోకి తీసుకున్నది నేనే. వాళ్ళకి ఇంగ్లండ్ వీసా వచ్చేదాకా ఆ పసిదానికి నూనె రాసి నీళ్ళు పోసిందీ నేనే. దీన్ని గొప్ప కోసం చెప్పడం లేదు. ఎవరైనా చేస్తారు. చేసినదాన్ని ఎవరైనా గుర్తుంచుకుంటారని కూడా అనుకుంటారు, అక్కడే వస్తుంది చిక్కు.

ఆ పది నెలల్లో ఇక్కడ మా అమ్మాయి పెద్దమనిషి అయింది. పదమూడేళ్ళది. నాకు ఫోన్ చేయలేదు. వాళ్ళ నాన్నకి చెప్పలేదు. స్కూల్లో ఎవరో టీచర్ ప్యాడ్ ఇచ్చి, ఎలా వాడాలో చెప్పిందట. మూడు వారాల తర్వాత వీడియో కాల్‌లో వాళ్ళ సైన్స్ ప్రాజెక్ట్ గురించి చెబుతూ చెబుతూ “ఓ, బై ద వే, మామ్...” అని మధ్యలో చెప్పింది. ఇంకొకరి పిల్లని ఒళ్ళో వేసుకుని ఆ సంగతి విన్నాను. “అయ్యో తల్లీ, భయమేసిందా?” అంటే “ఇట్స్ ఫైన్,” అంది. అప్పట్నుంచీ నేనేం అడిగినా అదే జవాబు. అన్నం తిన్నావా, పరీక్ష ఎలా రాశావు, ఎందుకలా ఉన్నావు, అన్నిటికీ ఇట్స్ ఫైన్. ‘తప్పు చేశానమ్మా, అప్పుడు నేను నీ దగ్గరుండాల్సింది’ అని దానికి చెప్పాలి. అదీ నా మాట. ఒక్క వాక్యం.

ఆ పది నెలలు ఇంకో పని కూడా చేశాయి. కెనడా సిటిజన్‌షిప్‌కి అప్లై చేయాలంటే ఇన్ని రోజులు ఈ దేశంలోనే ఉండాలని లెక్క ఉంది. మావారికీ పిల్లలకీ రోజులు నిండాయి. నాకు పది నెలలు తక్కువ పడ్డాయి. “నీది తర్వాత వేద్దాంలే,” అన్నారు. ముగ్గురూ ప్రమాణం చేశారు, కొత్త పాస్‌పోర్టులు తెచ్చుకున్నారు. వాళ్ళ ఫొటో నేనే తీశాను. నా అప్లికేషన్ తర్వాతెప్పుడో వెళ్ళింది. ఫ్రాన్స్ మాట వచ్చేనాటికి ఇంకా ప్రాసెస్‌లోనే ఉంది. అంటే నా దగ్గరున్నది ఇండియన్ పాస్‌పోర్టు, కెనడాలో స్థిరంగా ఉండొచ్చనే పీఆర్ కార్డు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. మా ఇంట్లో ఎవరూ పెట్టుకోలేదు.

ప్రతి శనివారం పొద్దున తొమ్మిదింటికి కాల్. వాళ్ళకది టీ వేళ. ఐదు నెలలు ఒక్క వారం తప్పకుండా మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో ఇప్పుడు తలుచుకుంటే తల బాదుకోవాలనిపిస్తుంది. కారవాన్ పొయ్యి మీద కుక్కర్ నిలుస్తుందా నిలవదా అని మూడు వారాలు. క్యాంప్‌సైట్‌లో విజిల్ వస్తే పక్కవాళ్ళు కంప్లైంట్ చేస్తారేమో అని ఒక వారం. కారవాన్ టాయిలెట్ కింద ఒక డబ్బా ఉంటుంది, నిండాక దాన్ని లాగి మోసుకెళ్ళి పారబోయాలి. ఆ పని ఎవరిదన్నదాని మీద మావారూ ఆమె భర్తా ఎంత మర్యాదగా తప్పించుకున్నారో చెప్పలేను. ఫ్రాన్స్‌లో స్విమ్మింగ్ పూల్లోకి వదులు నిక్కర్లతో రానివ్వరట, ఒంటికి అతుక్కునేదే వేసుకోవాలట. అది విన్న రోజు మావారి ముఖం చూడాల్సింది. “అయితే నేను గట్టు మీద కూర్చుని బైబిల్ చదువుకుంటా,” అన్నారు. అందరం కడుపుబ్బ నవ్వాం. నేనూ నవ్వాను.

తర్వాత మంచాల సంగతి వచ్చింది. ఆ బండి ఆరుగురు పట్టేది. మేం నలుగురం, వాళ్ళు ముగ్గురు, మొత్తం ఏడుగురం. నేను కాగితం మీద బండి బొమ్మ గీసి ఎవరెక్కడో రాయడం మొదలుపెట్టాను. ముందు వైపు సీట్లు కలిపితే ఇద్దరు, వెనక ఒకదానిపైన ఒకటిగా రెండు పిల్ల మంచాలు, మధ్యలో బల్ల మడిస్తే ఇంకో ఇద్దరు. ఎన్నిసార్లు గీసినా ఒకరు మిగిలిపోయేవారు. కారవాన్ పక్కన గుడారం లాంటి వరండా ఒకటి తగిలిస్తారు, ఆనింగ్ అంటారు. “పోనీలే, అందులో మడతమంచం వేసుకుని నేను పడుకుంటా,” అన్నాను. అనగానే అవతల నుంచి ఆడపడుచు, “థాంక్స్ వదినా! అయితే ఇంక గొడవే లేదు,” అంది. వద్దు, నువ్వెందుకు బయట అని ఒక్కమాట వస్తుందేమోనని నేను పెన్ను పట్టుకుని ఆగాను. అప్పటికే వాళ్ళు దోమల మందు గురించి మాట్లాడుకుంటున్నారు.

అప్పుడు సోఫాలో ఉన్న మా అమ్మాయి ఇయర్‌ఫోన్ ఒకటి తీసి, “ఐ’ల్ స్లీప్ అవుట్‌సైడ్ విత్ మామ్,” అంది.

ఎందుకంది, జాలితో అందో, కారవాన్‌లో తమ్ముడి గురక పడలేక అందో నాకు తెలియదు. మళ్ళీ అడిగితే మార్చుకుంటుందేమోనని అడగలేదు. కాగితం మీద బండి బొమ్మ బయట రెండు మంచాలు గీసి ఇద్దరి పేర్లూ రాశాను. ఆ మర్నాడే స్లీపింగ్ బ్యాగులు కొనుక్కొచ్చాను. దానిది నీలం, నాది మెరూన్. బేస్‌మెంట్‌లో కార్పెట్ మీద రెండూ పక్కపక్కన పరిచి, తలుపు దగ్గరగా వేసి, నాదాంట్లో దూరి కాసేపు పడుకుని చూశాను. నలభై ఐదేళ్ళ మనిషిని, నవ్వొచ్చింది. పక్కన ఖాళీ బ్యాగు వైపు తిరిగి ఆ వాక్యాన్ని పైకి చెప్పి చూసుకున్నాను కూడా. బాగానే వచ్చింది నోటికి.

మే నెలలో ఒక శనివారం ఆడపడుచు మాటల మధ్య, “నా వీసా వచ్చేసింది వదినా, ఆయన ఫిబ్రవరిలోనే స్లాట్ బుక్ చేసేశారు,” అంది. ఆమె భర్తా పిల్లా అప్పటికే బ్రిటిష్ పౌరులు. ఆమెది మాత్రం నాలాగే ఇండియన్ పాస్‌పోర్టు. కాల్ అయ్యాక మావారిని అడిగాను.

“ఏవండీ, మరి నాకు వీసా అక్కర్లేదా?”

“వాళ్ళ దేశం రూల్ వేరు. నీకు పీఆర్ కార్డుంది కదా.”

“ఒకసారి కనుక్కోండి.”

“కనుక్కున్నానే! మన తెలుగు ఫెలోషిప్‌లో ప్రార్థన నడిపే అంకుల్‌ గారిని అడిగా, కార్డుంటే చాలన్నారు. మెక్సికో వెళ్ళాం, అప్పుడు నలుగురివీ ఇండియన్ పాస్‌పోర్టులే. కార్డు చూపించాం, పంపించేశారు. గుర్తులేదా? నువ్వు అనవసరంగా బీపీ పెంచుకోకు.”

గుర్తుంది. మెక్సికోలో నిజంగానే కార్డు చూసి పంపించేశారు. మెక్సికో ఒప్పుకుంది కాబట్టి ఫ్రాన్సూ ఒప్పుకుంటుందని మావారు నమ్మారు, ఆయన్ని నేను నమ్మాను. నాకూ ఫోనుంది, వేళ్ళున్నాయి, నాలుగు మాటలు టైప్ చేసి చూసుకోవచ్చు. చూసుకోలేదు. అది నీలం ఫైల్ విషయం. నా వాటా అన్నానే, అది ఇదే.

జూన్‌లో మా తెలుగు ఫెలోషిప్‌లో ఆరాధన అయ్యాక మా ప్రయాణం కోసం ప్రత్యేకంగా ప్రార్థన పెట్టారు. కార్డుంటే చాలన్న ఆ అంకుల్‌ గారే నడిపించారు. విమానం కోసం ప్రార్థించారు, ఓడ కోసం ప్రార్థించారు, కారవాన్ టైర్ల కోసం ప్రార్థించారు, వానలు పడకుండా ప్రార్థించారు. కళ్ళు మూసుకుని అన్నిటికీ ఆమెన్ అన్నాను. ఆయన మీద నాకు కోపం లేదని చెప్పాలి, క్రైస్తవురాలిని కాబట్టి. కోపం ఉంది.

ప్రయాణానికి ఇంకా మూడు వారాలుంది. శనివారం మధ్యాహ్నం మా అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని అందరి పాస్‌పోర్టు వివరాలు ఎయిర్‌లైన్ సైట్‌లో ఎక్కిస్తోంది. నేను కరివేపాకు పొడి వేయిస్తున్నాను. వాళ్ళ నాన్నవి ఎక్కించింది, తమ్ముడివి, తనవి ఎక్కించింది. నా పాస్‌పోర్టు తెరిచి, పేజీలు అటూ ఇటూ తిప్పింది.

“మామ్, వేర్ ఈజ్ యువర్ వీసా?”

“నాకక్కర్లేదటమ్మా, కార్డు చాలట.”

రెండు నిమిషాలు టైప్ చేసింది. తర్వాత ల్యాప్‌టాప్‌ని మెల్లగా నావైపు తిప్పింది. స్టవ్ ఆపి వెళ్ళి చదివాను. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి వీసా తప్పనిసరి. కెనడా పీఆర్ అయినా సరే. నాలాంటి దానికి కూడా అర్థమయ్యేంత స్పష్టంగా రాసి ఉంది.

సస్కటూన్‌లో ఆ వీసా సెంటర్ లేదు. ఉన్న ఊళ్ళన్నీ వెతికితే స్లాట్లు ఆగస్టు ఆఖరుకి ఉన్నాయి. ఎవరైనా కాన్సిల్ చేసుకుంటారేమోనని మావారు రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని పేజీ రిఫ్రెష్ చేస్తూనే ఉన్నారు. ఆయన నన్ను క్షమించమని అడగలేదు, నేను ఆయన మీద అరవలేదు. అరవాల్సింది. గిన్నెలు పగలగొట్టాల్సింది. రెండు రోజులు కూరల్లో ఉప్పు మాత్రం ఎక్కువ పడింది, అది కూడా ఆయన పట్టించుకోలేదు.

మూడో రోజు సాయంత్రం నలుగురం భోజనానికి కూర్చున్నాం. “టికెట్లు రిఫండబుల్ కాదు,” అన్నారు మావారు పప్పు కలుపుకుంటూ.

అప్పుడు నేనన్నాను, “పోనీ, మీరు ముగ్గురూ వెళ్ళి రండి.”

ఇక్కడ మా అత్తగారింటి పద్ధతి ఒకటి చెప్పాలి. కొత్త కోడలిగా వెళ్ళినప్పుడు మొదటి భోజనంలో నేను చెయ్యి అడ్డం పెట్టి చాలు అన్నాను. మా అత్తగారు నవ్వి, నా వేళ్ళ సందుల్లోంచి వడ్డించేశారు. ఆ ఇంట్లో మొదటి ‘వద్దు’ మర్యాదకి. రెండోది మొహమాటానికి. మూడోసారి వద్దంటే అప్పుడు ఆలోచిస్తారు. ఎవరైనా వెళ్ళొస్తామని లేస్తే ముగ్గురు కలిసి కూర్చోబెట్టేవారు, మళ్ళీ లేస్తే మళ్ళీ కూర్చోబెట్టేవారు. మావారు ఆ ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో పెరిగారు. ‘మీరు వెళ్ళి రండి’ అన్నదానికి జవాబేమిటో ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ‘నువ్వు లేకుండా ఎలా వెళ్తాం?’ అనాలి. నేను మళ్ళీ ‘ఫరవాలేదు, వెళ్ళండి’ అంటాను. ఆయన మళ్ళీ కాదనాలి. ఆఖరికి వాళ్ళు వెళ్ళినా వెళ్ళొచ్చు, నేనే పంపించేదాన్ని. అన్ని టికెట్లు పాడు చేసుకోవాలని నాకూ లేదు. కానీ రెండుసార్లు, పోనీ ఒక్కసారి, కాదనాలి.

ఆయన తలెత్తి, “ష్యూరా?” అన్నారు.

“ష్యూర్,” అన్నాను.

అంతే. ఆయన ముఖంలో ఒక బరువు దిగిపోవడం నేను కళ్ళారా చూశాను. “అయితే సరే,” అని పెరుగు దగ్గరికి లాక్కున్నారు.

మా అమ్మాయి మాత్రం చెంచా కింద పెట్టింది. “మామ్, ఐ కెన్ స్టే విత్ యు. ఐ డోంట్ మైండ్.”

“వద్దమ్మా, నువ్వెళ్ళు. మళ్ళీ ఎప్పుడు వెళ్తావో,” అన్నాను. ఇంకొక్కసారి అడగవే అని లోపల బతిమాలుకుంటూ అన్నాను. అది నా ముఖంలోకి కాసేపు చూసింది. “ఓకే,” అంది.

దాన్నేమీ అనలేను. అది పెరిగిందిక్కడ. ఒకరు నో అంటే నో అని ఊరుకోవాలి, మళ్ళీ మళ్ళీ అడగకూడదు, అడిగితే ఎదుటి మనిషిని గౌరవించనట్టు అని దానికి స్కూల్లో చెప్పారు, ఇంట్లో నేనూ చెప్పాను. ఆడపిల్లకి అది తెలియడం ఎంత మంచిదో అనుకుని చెప్పాను. తల్లి వద్దంటే ఎన్నిసార్లు అడగాలో మాత్రం చెప్పలేదు. ఆయనకి ఆ సాకు లేదు. నలభై ఎనిమిదేళ్ళ కాకినాడ మనిషి, తనకి పనికొచ్చినప్పుడు మాత్రం కెనడా వాడైపోయాడు.

ప్రయాణం దాకా మిగిలిన రోజులన్నీ నేనేం చేశానో చెబితే మీరు నవ్వుతారు. వాళ్ళకి వండి పెట్టాను. కరివేపాకు పొడి, కందిపొడి, పులిహోర పులుసు, వేయించిన ఉప్మా రవ్వ, ఒక్కొక్కటీ జిప్ కవర్లో పోసి, ఎన్ని నీళ్ళు పోయాలో, ఎంతసేపు ఉడకాలో అట్టల మీద రాసి అంటించాను. బండి బొమ్మ గీసిన కాగితం మావారు అడిగితే ఇచ్చాను. బుద్ధున్న మనిషి చేసే పని కాదు. కానీ నా చేతులకి అదొక్కటే వచ్చు. కోపమొచ్చినా అవి వంటే చేస్తాయి.

ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేసి దించాను. మా అమ్మాయి వీపున బ్యాగు, దానికింద నీలం స్లీపింగ్ బ్యాగు కట్టి ఉంది. నన్ను పట్టుకుని, “ఐ’ల్ సెండ్ పిక్చర్స్,” అంది. మావారు “జాగ్రత్త, తలుపులు వేసుకో,” అన్నారు. అబ్బాయి తలుపులోకి పరిగెత్తాడు. నేను అక్కణ్ణుంచి నేరుగా డ్యూటీకి వెళ్ళాను.

నాలుగో రోజు పొద్దున టీ తాగుతుంటే ఆడపడుచు వీడియో కాల్ చేసింది. వెనక పచ్చగడ్డి, తీగ మీద తువ్వాళ్ళు, బండి తలుపు తెరిచి ఉంది. అచ్చం నేననుకున్నట్టే ఉంది. ఆమె చేతిలో నా పులిహోర పులుసు కవర్.

“వదినా, అట్ట తడిసి నీ అక్షరాలు చెరిగిపోయాయి. ఇది అన్నంలో పచ్చిదే కలపొచ్చా, వేడి చేయాలా?”

“కొంచెం వేడి చేసి కలుపు. అంతా బాగుందా?”

“చాలా బాగుంది వదినా! నువ్వు రాలేదని బాధే కానీ, నిజం చెప్పనా, మంచాలు సరిగ్గా సరిపోయాయి. ఆరుగురం ఆరింటిలో. మీ అమ్మాయి కూడా లోపలే. ఆనింగ్‌లో సైకిళ్ళు పెట్టుకున్నాం.”

ఆమె చెడ్డది కాదు. ఆ మాట నన్ను నొప్పించడానికి అనలేదు, అదే నాకు ఎక్కువ నొప్పి. ఇంతలో ఆమె కూతురు ఫోన్ లాక్కుని తెరకి ముక్కు ఆనించి చూసింది. నేను నూనె రాసి నీళ్ళు పోసిన పిల్ల. “హూ ఈజ్ దట్?” అని వాళ్ళమ్మని అడిగింది. “అత్తయ్యరా, హాయ్ చెప్పు,” అంది ఆడపడుచు. అది హాయ్ చెప్పి పారిపోయింది. వెనకాల కిటికీలో మా అమ్మాయి కనిపించింది, మంచం మీద పడుకుని ఏదో చదువుకుంటోంది. పిలవమని అడుగుదామనుకున్నాను. అన్నం మాడుతోందని ఆడపడుచు పెట్టేసింది.

వాళ్ళు వచ్చేటప్పుడు మావారు నా కోసం ఒక వంటింటి తువ్వాలు తెచ్చారు, ఫ్రాన్స్ మ్యాప్ అచ్చు వేసింది. ఎండకి నల్లబడి, నాలుగు కిలోలు పెరిగి వచ్చారు. “నువ్వుంటే ఇంకా బాగుండేది,” అన్నారు సూట్‌కేస్ విప్పుతూ. ఆ మాట రావడానికి ఐదు వారాలు పట్టింది. అమ్మాయిని ఎలా జరిగిందని అడిగాను. “ఇట్ వాజ్ ఫైన్,” అంది.

ఆగస్టు అంతా ఉంది కదా, అప్పుడు చెప్పొచ్చు కదా అంటారు. రెండుసార్లు నోరు తెరిచాను. ఒకసారి దాని హాస్టల్ గదికి దుప్పట్లు కొనడానికి వెళ్ళినప్పుడు కారులో మొదలుపెట్టాను. “నీకు పదమూడేళ్ళప్పుడు...” అన్నాను. “మామ్, యు మిస్డ్ ద టర్న్,” అంది. నిజమే, మిస్ అయ్యాను. తిప్పుకుని వచ్చేసరికి దానికి ఫ్రెండ్ ఫోన్. రెండోసారి బర్నబీలో దాని గది ముందు. చుట్టూ పెట్టెలు, చుట్టూ ఎవరివో అమ్మానాన్నలు. అలాంటిచోట చెప్పే మాటేనా అది? దాని తల నిమిరి, టైముకి తినమని చెప్పి వచ్చేశాను.

ఆ తర్వాతి వసంతంలో నా సిటిజన్‌షిప్ వచ్చింది. ప్రమాణం చేశాను. ఫెలోషిప్‌లో కేక్ కోశారు, అంకుల్‌ గారు చప్పట్లు కొట్టించారు. నెలలోగా పాస్‌పోర్ట్ వచ్చింది. మావారు దాన్ని నీలం ఫైల్లో పెట్టబోతే చేతిలోంచి తీసుకుని నా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను.

ఏప్రిల్‌లో ఒక శనివారం మళ్ళీ కాల్. మళ్ళీ ఫ్రాన్స్, మళ్ళీ అదే బండి. మా అమ్మాయి బర్నబీలోనే సమ్మర్ జాబ్ చూసుకుంది, రావడం లేదు. ఆడపడుచు మొహం వెలిగిపోతోంది.

“వదినా, ఈసారి నువ్వు తప్పకుండా రావాలి. లెక్క కూడా కుదిరింది, సరిగ్గా ఆరుగురం! నీకు లోపలే మంచం, బయట పడుకోనక్కర్లేదు.”

ఆ లోపలి మంచం ఎవరిదో ఆమెకి తట్టలేదు. మావారికీ తట్టలేదు. నాకు కావలసింది ఆ బండిలో చోటు కాదు. గుడ్డ వరండాలో రెండు మడతమంచాలు, పక్కన నా కూతురు, ఒక్క వాక్యం చెప్పుకునేంత వ్యవధి. పద్నాలుగు రోజులుండేవి నా చేతిలో. అది పోయింది. ఆ మంచం ఖాళీ అయితే గానీ నాకు చోటు దొరకలేదు.

“నేను రానమ్మా. మీరు వెళ్ళి రండి,” అన్నాను.

“అదేంటి?” అన్నారు పక్కనున్న మావారు. “పాస్‌పోర్ట్ వచ్చిందిగా. రా, బాగుంటుంది.”

“వద్దండీ.”

కాల్ అయ్యాక వంటింట్లోకి నా వెనకే వచ్చారు. “నువ్వు లేకుండా ఎలా వెళ్తాం?” అన్నారు. పోయినేడు జూన్‌లో అనాల్సిన మాటని ఒక్క అక్షరం పొల్లుపోకుండా అన్నారు. నేను గిన్నెలు సర్దుకుంటున్నాను.

“మీరు వెళ్ళండి,” అన్నాను.

ఆయన కాసేపు తలుపు దగ్గరే నిలబడ్డారు. ఈసారి ముఖంలో బరువు దిగలేదు. మూడోసారి కూడా అడిగారు, చాలా మెల్లగా. “నిజంగానే రావా?”

“ష్యూర్,” అన్నాను.